అన్ని ఫోన్లలోనూ ఉన్న పాట

ఆగస్టు 3, ఆదివారం

ఇది నా ఒక్కదానికే. ఈ యాప్‌కి తాళం ఉంది, ఇందులో రాసింది నా ఫోన్ దాటి ఎక్కడికీ పోదు. పోకూడదు కూడా. మార్కాపురం సెల్లు దుకాణం అబ్బాయి చేసిన పుణ్యమా అని మా ఇంట్లో అందరి ఫోన్లకీ ఒకటే అకౌంటు. నాయనకీ, అమ్మకీ, హైదరాబాదులో ఉన్న తమ్ముడు విజయ్‌కీ, నాకూ అదే పేరు, అదే పాస్‌వర్డ్. నేను ఫోటో తీస్తే అమ్మ చూస్తుంది. అమ్మ ఫోటో తీస్తే (ఎప్పుడు తీసినా తన బొటనవేలే) తమ్ముడు చూస్తాడు. బడిలో పిల్లలకి కంప్యూటర్ పాఠం చెప్పే టీచరమ్మ ఇంటి సంగతి ఇది. ఎవరికన్నా తెలిస్తే పరువు పోతుంది.

నిన్న జ్ఞానమ్మ అవ్వను మట్టి చేశాం. మా పాలెంలో ఎవరు పోయినా, చర్చి అయ్యగారి ప్రార్థన అయ్యాక అందరూ తలా గుప్పెడు మన్ను వేసేటప్పుడు ఒక పాట పాడతారు. పోయిన మనిషి మీద కట్టిన పాట, ఆ మనిషికి తప్ప ఇంకెవరికీ పనికిరాదు. మట్టి పాట అంటారు. నాకు బుద్ధి తెలిసిన కాడి నుంచి వాటిని కట్టేదీ పాడేదీ నాయనే. వరప్రసాదం గొంతెత్తితే త్రిపురాంతకం బస్సు ఎక్కబోయేవాళ్ళు కూడా ఆగి వినేవాళ్ళట. పలకల కార్ఖానాలో రాయి కోసీ కోసీ ఆ దుమ్మంతా ఊపిరితిత్తుల్లో పేరుకుపోయింది. ఇప్పుడు మంచం దిగి గడప దాకా రావాలన్నా ఆయాసమే. నిన్న కుర్చీలో కూర్చోబెట్టి తీసుకుపోయాం. ఒక్కో ముక్కా నా చెవిలో చెప్తుంటే ఫోన్లో కొట్టుకుని నేనే పాడాను. పర్వాలేదనే అన్నారు జనం. 

ఇంటికొచ్చాక దగ్గరికి పిలిచాడు. "నాది గూడా కట్టిపెట్టుకోవాల తల్లీ. నేను బోతే ఇంకెవురు కడతారు? చెప్తా, రాసుకో. నువ్వే పాడాల."

అవేం మాటలు నాయనా అని అరిచాను. అరిచి, పెరట్లోకి పోయి ఏడ్చి, మొహం కడుక్కుని వచ్చి సరేనన్నాను.

ఆగస్టు 6

ఎందులో రాసుకోవాలో తేలడం లేదు. ఫోన్‌తో వచ్చిన పసుపు రంగు యాప్ ఉంది గానీ, అందులో సరుకుల చిట్టీలూ బడి హాజరూ అన్నీ కలిసిపోయి ఉన్నాయి. నాయన పాట ఉప్పూ చింతపండు మధ్య పడి ఉండటం నాకు ఇష్టం లేదు. విజయ్‌ని అడిగాను. వాడు ఏడు యాప్‌ల పేర్లు పంపాడు. ఒకదాంట్లో రంగులున్నాయట, ఒకదాంట్లో నెట్ లేకపోయినా పని చేస్తుందట. "ఏది పెట్టుకున్నా సింక్ చూసుకో అక్కా, ఒకచోట రాస్తే అన్ని ఫోన్లలో రావాలి, అదే ముఖ్యం" అన్నాడు. పెద్ద చెప్పొచ్చాడు, నేనేదో సింక్ అంటే చేతులు కడుక్కునే తొట్టి అనుకుంటున్నట్టు.

సాయంత్రమంతా ఆ వీడియోలు చూస్తూనే గడిచిపోయింది. నాయన రెండుసార్లు "రాసుకుంటావా పాపా" అన్నాడు. రేపు నాయనా, మంచి యాప్ చూస్తున్నా అన్నాను.

ఆగస్టు 10, ఆదివారం

అమ్మ ఆదివారం ప్రార్థనకి గుడికి పోయినప్పుడు మొదలుపెట్టాం. ఇంట్లోవాళ్ళు మట్టి పాట ముందే వినకూడదు. వింటే బతికుండగానే ఆ మనిషిని సాగనంపినట్టు. పాడేవాళ్ళు ఒక్కళ్ళే వినాలి. అందుకని అమ్మ గుడికో కలుపు కూలికో పోయినప్పుడే చెప్తాడు. అమ్మకీ తెలుసు. పోయేటప్పుడు గుమ్మంలో నిలబడి "నేను బోతన్నా, కట్టుకోండి మీ పాట" అని దెప్పి మరీ పోతుంది.

"దుమ్ము నాలో ముందే చేరె, దుమ్ములో నే వెనక చేరితి" అని ఎత్తుకున్నాడు. పల్లవి అది. నా వేలు ఆగిపోయింది. ఆయన మాత్రం గింజలు ఏరినట్టు ఒక్కో మాటా చూసి తీసి పెడుతున్నాడు. ఒక మాట, తర్వాత ఊపిరి, మళ్ళీ ఒక మాట.

రికార్డు చేస్తాను నాయనా, ఇంత కష్టం ఉండదు అన్నాను. ఒప్పుకోలేదు. "ఈ ఈల గొంతు నా ఎనకాల మిగలగూడదు. నా పాత గొంతే గుర్తుండాల జనానికి. రాసుకో, రాసుకో" అన్నాడు. పొగరు మాత్రం ఊపిరితో పాటు తగ్గలేదు.

ఆగస్టు 14

పసుపుదాని నుంచి నీలందానికి మారాను. పాతదాంట్లోది తీసేశాను, రెండు చోట్ల ఉంటే ఏది అసలుదో తెలియక తికమక అవుతుందని. నీలంది బాగుంది. ఒక్కో చరణానికీ ఒక్కో అర పెట్టుకోవచ్చు.

ఆగస్టు 24, ఆదివారం

నిన్న ఒంగోలు తీసుకుపోయాం. డాక్టరు ఎక్స్‌రే ఫిల్మును వెలుగుకి పెట్టి చూసి, నన్ను బయటికి పిలిచి, ఇక ఎక్కువ రోజులు లేవని చెప్పేశాడు. ఇంటికి ఆక్సిజన్ మిషన్ పెట్టుకోమన్నాడు. ఎక్కువ మాట్లాడించొద్దు, ప్రతి మాటా ఆయనకు బరువే అన్నాడు. దారి పొడవునా బస్సులో నాయన కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు.

ఈ రోజు ఇక చాలు నాయనా, ఇంతవరకు చాలు అన్నాను. వినలేదు. "సగం పాటతో పంపుతావా నన్ను?" అన్నాడు. అమ్మ మీద చరణం చెప్పాడు. చెప్తూ చెప్తూ తనకే నవ్వొచ్చింది, నవ్వితే దగ్గొచ్చింది, దగ్గితే చాలాసేపటికి గానీ మనిషి మళ్ళీ మాలోకి రాలేదు. నేనూ నవ్వాను. ఏం చెప్పాడో ఫోన్లో కొట్టుకుని, వెంటనే వీపు నిమరడానికి పోయాను.

ఆగస్టు 31

పాట అయిపోయింది. చివరి ముక్క చెప్పి కళ్ళు మూసుకున్నాడు. హమ్మయ్య అని ఆయన పైకి అనలేదు గానీ, మొహంలో అదే కనిపించింది.

సెప్టెంబరు 4

నీలంది డబ్బు కట్టమంటోంది, లేకపోతే రెండు పరికరాలకు మించి ఇవ్వదట. కొత్తొక వింత, పాతొక రోత. నల్లదానికి మారాను. విజయ్ ఎప్పటి నుంచో చెప్తున్నది ఇదే. పాట మొత్తం తెచ్చి పెట్టి, అకౌంటు మూసేసి నీలందాన్నే తీసిపారేశాను. ఇప్పుడు నా ఫోన్లో ఉంది, బడి ల్యాప్‌టాప్‌లో ఉంది, విజయ్ ఫోన్లో ఉంది (తెరిచి చదవనని ఒట్టు వేయించుకున్నాను), నాయన ఫోన్లో ఉంది. అమ్మ ఫోన్లో మాత్రం పెట్టలేదు.

నాయనకి చూపించాను. నా ఫోన్లో ఒక చుక్క పెడితే ఆయన ఫోన్లో చుక్క పడింది. చిన్నపిల్లాడిలా ఇంకోసారి పెట్టమన్నాడు. "నాలుగు చోట్ల ఉందంటే ఇంక బోదన్న మాట" అన్నాడు. పోదు నాయనా, ఒక ఫోన్ బావిలో పడ్డా పోదు అన్నాను. ఎంత గొప్పగా చెప్పానో.

నాకు ఒక్క చరణమూ నోటికి రాదు. ఫోన్లో ఉంది కదా, పాడే రోజున చూసి పాడొచ్చు. ఆ రోజు గురించి ఇప్పుడే ఎందుకు.

సెప్టెంబరు 13, శనివారం

పోయింది.

ఏం రాయాలో తెలియడం లేదు. వరసగా రాస్తాను.

మందులు తెచ్చుకుని ఇంటికి వచ్చేసరికి నాయన మంచం మీద కూర్చుని ఉన్నాడు, మొహం కళగా ఉంది. అమ్మ ఫోన్లో బ్యాలెన్సు అయిపోయిందని రెండు రోజులుగా నాయన ఫోనే వాడుతోంది. "మీ అమ్మ ఊరికే ఉండే రకం గాదు, అన్నీ నొక్కుద్ది. పాట చదువుతుందేమోనని నా ఫోన్లోంచి తీసేసినా" అన్నాడు. ఏదో ఘనకార్యం చేసినవాడిలా గొంతు తగ్గించి మరీ చెప్పాడు. "చెత్తబుట్ట బొమ్మ ఒకటి ఉండాది, దాన్ని గూడా ఖాళీ చేసినా. మీ అమ్మ చెత్తబుట్ట గూడా ఎతుకుద్ది."

నా ఫోన్ తెరిచాను. లేదు. చెత్తబుట్ట చూశాను. అదీ ఖాళీ.

నా మొహం చూసి "ఏంది తల్లీ?" అన్నాడు. "నా పలక నేను తుడుచుకున్నా. నీ పలక మీద నీది ఉంటది గదా?"

బతుకంతా పలకలు చేసిన మనిషి. ఎవరి పలక వాళ్ళది. ఒకడు తన పలక మీద తడిగుడ్డ వేస్తే పక్కవాడి పలక మీది అక్షరం చెరిగిపోతుందని ఆయన ఎలా అనుకుంటాడు? చుక్క పెడితే వస్తుందని చూపించాను గానీ, చుక్క తీస్తే అన్నిట్లోనూ పోతుందని నేను చెప్పానా? కంప్యూటర్ టీచరమ్మను!

"ఉంది నాయనా" అన్నాను.

వెంటనే బయటికి వచ్చి విజయ్‌కి చేశాను. నెట్ ఆపెయ్, ఫోన్లో నెట్ ఆపెయ్ రా అని అరిచాను. "అక్కా, నువ్వు చేసిందే వాట్సాప్‌లో. నెట్ ఆపితే కట్ అయిపోద్ది" అన్నాడు. వాడి దాంట్లోనూ పోయింది.

"నాయన్నే అడుగు అక్కా, మళ్ళీ చెప్తాడు" అన్నాడు. ఎంత తేలికగా అన్నాడో! వాడు చూశాడా, ఒక్కో మాటకి ఆయన ఎంత ఊపిరి కట్టాడో? డాక్టరు ఏమన్నాడో వాడు విన్నాడా? అదీ కాక అడగాలంటే, నీ చేత్తోనే తుడిచేశావు నాయనా అని చెప్పాలి. ఆ మాట నా నోటితో చెప్పలేను.

సెప్టెంబరు 14, ఆదివారం

ల్యాప్‌టాప్!

బడిది. శుక్రవారం సాయంత్రం మూసేసి స్టాఫ్ రూమ్ బీరువాలో పెట్టి వచ్చాను. మూసి ఉన్నది నెట్‌కి తగలదు, తగలకపోతే తుడిచిన సంగతి దానికి తెలియదు. దాంట్లో పాట ఇంకా ఉంటుంది. నెట్ లేకుండా తెరవాలి, అంతే.

ఈ ఆలోచన గుడిలో అయ్యగారు వాక్యం చెప్తుండగా వచ్చింది. స్తోత్రం అని పైకే అనేశాను. పక్కనామె నా వైపు చూసింది. ప్రభువా, ఒక్క రోజు. ఈ ఒక్క రోజు ఆ బీరువాను ఎవ్వరూ తెరవకుండా చూడు. ఇంకెప్పుడూ ఏదీ అడగను.

సెప్టెంబరు 15, సోమవారం

ఎవ్వరూ తెరవలేదు. ప్రభువు తన పని తాను చేశాడు.

అందరికన్నా ముందే బడికి పోయాను. ఆఫీసులో ప్రకాశరావు సారుని బతిమాలి వైఫై డబ్బా వైరు పీకించాను. ఎందుకమ్మా అంటే మిషన్‌లో వైరస్ ఉందన్నాను. ల్యాప్‌టాప్ తెరిచాను. యాప్ తెరిచాను. ఉంది! పైన "నాయన" అని నేను పెట్టుకున్న పేరు, కింద పల్లవి, దాని కింద మొదటి చరణం, ఊరూరి పిల్లల అ ఆలు నా చేతి రాతి మీదనే అనే ముక్క. కళ్ళ నిండా నీళ్ళొచ్చి కింది వరసలు సరిగా కనిపించలేదు. ముందు ఫోటో తీద్దామని బ్యాగులోంచి ఫోన్ తీశాను.

మళ్ళీ చూసేసరికి తెర తెల్లగా ఉంది.

నా ఫోన్లో హాట్‌స్పాట్ వెలుగుతోంది. శుక్రవారం హాజరు ఎక్కించడానికి పెట్టింది. ఆపలేదు. ఊళ్ళో వాళ్ళందరి నెట్ వైర్లూ పీకించి, నా నెట్ నా సంకలోనే పెట్టుకుని పోయాను.

చూస్తుండగానే పోయింది. నా కళ్ళ ముందే. ఫోన్ తీయకుండా చదివి ఉంటే సగమన్నా గుర్తుండేది. ఏడుస్తూ కూర్చున్నాను.

సెప్టెంబరు 16

నల్లదాని కంపెనీకి మెయిల్ పెట్టాను.

సెప్టెంబరు 17

మళ్ళీ పెట్టాను. ఇంగ్లీషులో బతిమాలడం రావడం లేదు. మా తండ్రి చనిపోబోతున్నాడు, అది ఆయన పాట అని రాశాను. మీ అభిప్రాయం మాకు విలువైనది అని జవాబు వచ్చింది. నా అభిప్రాయం ఎవడికి కావాలి, నాకు పాట కావాలి!

సెప్టెంబరు 18

చెత్తబుట్ట ఖాళీ చేస్తే వాళ్ళ దగ్గర కూడా ఉండదట. నీలందానికీ రాశాను. నెల కూడా కాలేదు కదా అంటే, అకౌంటు మూసేశారు కదా అన్నారు. పసుపుదాంట్లో తీసేసినవి వారం మాత్రమే ఉంచుతారట. రెండు ఇళ్ళు మారి, రెండు ఇళ్ళకీ నేనే నిప్పు పెట్టుకుంటూ వచ్చాను. నాయన తుడిచింది మూడోది మాత్రమే.

సెప్టెంబరు 19

నాయన అడిగాడు. "ఒకసారి పాడి వినిపిచ్చు తల్లీ. రాగం కుదిరిందో లేదో చూస్తా." గొంతు బాగా లేదు నాయనా, ఆదివారం దాటాక పాడతానన్నాను.

నల్లదాన్ని తీసేసి ఇంకొకటి పెట్టాను. ఇది రోజూ తనంతట తానే నకలు తీసి వేరే చోట దాస్తుంది. ఏదన్నా పోతే ఏ రోజుదైనా వెనక్కి తెచ్చుకోవచ్చు. చాలా మంచిది. ఇందులో పెట్టడానికి నా దగ్గర ఏమీ లేదు.

సెప్టెంబరు 21, ఆదివారం

అమ్మ గుడికి పోయాక కూర్చుని గుర్తు చేసుకుంటున్నాను. పల్లవి వచ్చు. ఊరూరి పిల్లల అ ఆలు ముక్క వచ్చు. కార్ఖానాలో పని చేసిన పుల్లయ్య మామ పేరు ఒకచోట వస్తుంది, ఎక్కడో తెలియదు. అమ్మ మీద చరణం చెప్పేటప్పుడు నాయన నవ్వాడని గుర్తుంది. ఎందుకు నవ్వాడో గుర్తు లేదు.

ఎంత తలకిందులుగా నిలబడ్డా అంతకు మించి రాలేదు.

కట్టాను. నేనే కట్టాను. తప్పో ఒప్పో. ఆయనకి ఊపిరి ఎంత కరువైందంటే, మాటలు పట్టుకుని చూసుకునే ఓపిక ఎక్కడిది? పల్లవి అదే కదా. రాగం అదే కదా. మధ్యలో నాలుగు మాటలు అటూ ఇటూ అయితే కనిపెట్టలేడు.

సెప్టెంబరు 24

ఈ రోజు నుంచి దసరా సెలవులు. అమ్మ కలుపుకి పోయింది. నాయన తల వైపు స్టూలు వేసుకుని కూర్చుని పాడాను. చేతిలో ఫోన్ పట్టుకుని, చూసి పాడుతున్నట్టే పాడాను. నాయన కళ్ళు మూసుకుని విన్నాడు. మొదటి చరణం దాకా వేలితో మంచం పట్టె మీద తాళం వేశాడు. తర్వాత వేలు ఆగింది. అలిసిపోయాడు పాపం.

పాట అయిపోయింది. మిషన్ చప్పుడే వినిపిస్తోంది. మాస్కు పక్కకు తీసి "బాగుంది తల్లీ" అన్నాడు.

బతికాను. నిజంగా ప్రాణం లేచొచ్చింది.

మళ్ళీ నా చెయ్యి పట్టుకుని "నన్నేమన్నా అడగాల్నా నువ్వు?" అన్నాడు.

ఏం అడగాలి? ఏమీ లేదు, మాట్లాడబాక నాయనా, ఊపిరి పోతుంది అని మాస్కు పెట్టాను. కనిపెట్టలేదు. నాకు తెలుసు, కనిపెట్టలేదు. కనిపెడితే ఊరుకునే మనిషా? ఒకప్పుడు రాగం తప్పితే గుడిలో పది మందిలోనే నా నెత్తి మీద మొట్టేవాడు.

సెప్టెంబరు 26

నాయన మాట్లాడటం బాగా తగ్గించాడు. మంచిదే. డాక్టరు చెప్పింది ఇన్నాళ్ళకు బుర్రకెక్కింది.

సెప్టెంబరు 27

మంచినీళ్ళు కావాలన్నా చేత్తోనే చూపిస్తున్నాడు. అమ్మతో కూడా మాట్లాడటం లేదు. అమ్మ కూడా పలకరించడం మానేసింది, ఇద్దరూ ఏదో అలిగినట్టు. ఈ వయసులో, ఈ స్థితిలో కూడా అలకలేంటో వీళ్ళకి.

కొత్త యాప్‌లో అన్నీ సర్దేశాను. మందుల వేళలు ఒక పక్క, డాక్టరు కాగితాల ఫోటోలు ఒక పక్క. నకలు మూడు చోట్లకి పోతోంది. ఒకదాంట్లో తీసినా మిగతావాటిలో ఉండేటట్టు పెట్టాను. ప్రయత్నించి కూడా చూశాను. ఉంది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు ఉంది, అయినా ఏదో ఒకటి చేయకపోతే కూర్చోలేకపోతున్నాను. గదిలోకి పోయి ఆయన దగ్గర కూర్చుందామంటే ఆ చూపుకి భయం వేస్తోంది. ఎందుకు భయమో రాయను.

సెప్టెంబరు 29

పొద్దున మాస్కు తీసి నా వైపు చూశాడు. మాట్లాడబాక నాయనా అని పెట్టేశాను. కరెంటు పోయి వచ్చింది. మిషన్ ఆగితే సిలిండరు పెట్టాం. అమ్మే బాగా బిగించింది.

అక్టోబరు 1

నాయన పోయాడు.

అక్టోబరు 3

నిన్న మట్టి చేశాం. విజయ్ వచ్చాడు. పాలెమంతా వచ్చింది. పలకల కార్ఖానాలో పని చేసినవాళ్ళు, దగ్గుకుంటూనే పుల్లయ్య మామ కూడా వచ్చాడు. అయ్యగారి ప్రార్థన అయ్యాక అందరూ నా వైపు చూశారు. ఊరందరికీ కట్టిన మనిషి తనకేం కట్టుకున్నాడో వినాలని అందరికీ ఉంటుంది కదా. మన్ను గుప్పిట్లో పట్టుకుని నిలబడ్డారు.

పాడాను. నేను కట్టిందే పాడాను. పల్లవి దగ్గర అందరూ ఏడ్చారు. చరణాల దగ్గర ఏడుపు తగ్గింది. పుల్లయ్య మామ తన పేరు వస్తుందేమోనని చెవి వొగ్గి వింటున్నాడు. పేరు పెట్టడం మర్చిపోయాను. అమ్మ మీద కట్టిన చరణం వచ్చేసరికి అమ్మ తలెత్తి నన్ను చూసింది. అందులో త్యాగమూర్తి అని ఒక మాట ఉంది. ఆ మాట ఎక్కడి నుంచి తెచ్చానో, బడి వార్షికోత్సవం నుంచి అయి ఉంటుంది.

అక్టోబరు 5, ఆదివారం

విజయ్ పొద్దున బస్సుకి పోయాడు. అమ్మ గుడికి పోలేదు. నేనూ పోలేదు. నాయన మంచం ఎత్తి గోడకి ఆనించి, ఆ చోట అమ్మ కూర్చుని ఉంది. టీ ఇచ్చాను. తాగలేదు.

"త్యాగమూర్తి అంటాడా మీ నాయన నన్ను?" అంది. "గయ్యాళి అనుంటాడు. నవ్విచ్చేదానికి అనుంటాడు."

"ఆయన పాట యాడికి బోయింది పిల్లా?"

చెప్పేశాను. ఫోన్లూ, తుడవడం, ల్యాప్‌టాప్, అన్నీ. ఆయన చేత్తోనే పోయిందని ఆయనకి తెలియకూడదని దాచాను, మళ్ళీ చెప్పమంటే ఊపిరి పోతుందని అడగలేదు, అందుకే కట్టి పాడాను అన్నాను. నా మాటలు నాకే బాగా వినిపించాయి. చాలా రోజులుగా తయారు చేసి పెట్టుకున్నట్టున్నాను. నాయన కనిపెట్టలేదమ్మా, బాగుంది అన్నాడు, ఆ తృప్తితోనే పోయాడు అన్నాను.

అమ్మ నన్ను చూసింది. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు.

"నువ్వు పాడిన పొద్దే నన్ను పిలిచినాడు. పిల్ల పాట పారేసుకున్నట్టుండాది, సొంతంగా కట్టి పాడింది, భయపడతా ఉంది అన్నాడు. నేను పోయి అడుగుతానంటే ఒట్టేయిచ్చుకున్నాడు. నువ్వేం అనబాక రత్నమ్మా, అది అడగాల, నేను చెప్పాల, అదంతట అదే వస్తది అన్నాడు."

"మరి చెప్పలేదేంటమ్మా నాకు?"

"ఒట్టేసినాక యెట్ల చెప్తా? మళ్ళీ మొదాట్నుంచీ చెప్పాలంటే ఊపిరి గావాల గదా, ఇంక నేను ఎవురితోనూ మాట్లాడను, నువ్వు గూడా నన్ను పలకరిచ్చబాక అన్నాడు. ఊపిరంతా నీ కోసం దాచిపెట్టుకున్నాడే. నీళ్ళకి గూడా చెయ్యే చూపిచ్చినాడు. కడాకి నాతో గూడా ఒక్క మాట మాట్లాడకుండా..."

అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని గోడ వైపు తిరిగింది.

ఆ వారమంతా సెలవులే. నేను ఇంట్లోనే ఉన్నాను. రోజూ పొద్దున గదిలోకి పోగానే నాయన మాస్కు పక్కకు తీసి, నా మొహం చూసి ఆగేవాడు. నేను మాస్కు మళ్ళీ పెట్టి, మాట్లాడబాక నాయనా అని చెప్పి, నా ఫోన్ పట్టుకుని బయటికి వచ్చేసేదాన్ని.